సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు కంటి పరీక్ష, కళ్లద్దాలు ఎలా పూర్తి చేసుకోవాలి

అమెరికా నుంచో, లండన్ నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చేవాళ్లు కంటి పరీక్షను దాదాపు ఎప్పుడూ ఆఖరి వారానికి తోసేస్తారు. ముందు పెళ్లి, ఆ తర్వాత తిరుపతి, ఆపైన అత్తగారి ఊరు. తిరుగు ప్రయాణం నాలుగు రోజులుందనగా అద్దాల షాపు గుర్తొస్తుంది. ఆ నాలుగు రోజుల్లో పరీక్ష అయితే అవుతుంది. కానీ ప్రోగ్రెసివ్ లెన్సు, అంటే దూరం, దగ్గర చూపు రెండూ ఒకే అద్దంలో ఉండేది, తయారై రావడానికే వారం పట్టొచ్చు, వచ్చిన జోడు కుదరకపోతే మార్పించుకునే వ్యవధి ఉండదు. అందుకే ముందు క్యాలెండర్ చూసుకోండి, డాక్టర్ సంగతి తర్వాత. పరీక్ష మొదటి వారంలో, అద్దాల ఆర్డర్ ఆ మర్నాడు, జోడు చేతికొచ్చాక ఇక్కడ వాడి చూడటానికి కనీసం నాలుగైదు రోజులు. ఈ లెక్క కుదిరితే మిగతాదంతా తేలికే.

బయల్దేరే ముందు సర్దుకోవాల్సినవి

ఇప్పుడు వాడుతున్న జోడుతోపాటు అంతకు ముందు జోడు కూడా తెచ్చుకోండి. పాత అద్దాల పవర్‌ను మెషీన్ మీద పెట్టి చూస్తే మీ పవర్ ఏ వేగంతో మారుతోందో డాక్టర్‌కు తెలుస్తుంది. పాత ప్రిస్క్రిప్షన్ ఫోన్లో ఫొటోగా ఉంటే చాలు. అమెరికాలో ఉన్నవాళ్లకైతే అక్కడి డాక్టర్ పరీక్ష అయిన వెంటనే, అడగకపోయినా, అద్దాల చీటీ ఇచ్చి తీరాలి, అది అక్కడి నియమం. కాబట్టి లేదంటే ఊరుకోకండి.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు డబ్బా పక్కన ఉండే లేబుల్‌ను ఫొటో తీసుకోండి. బ్రాండ్, పవర్, బేస్ కర్వ్, డయామీటర్ అన్నీ దాని మీదే ఉంటాయి. వాడే మందుల జాబితా రాసుకోండి. స్టెరాయిడ్లు కంటి ప్రెషర్‌ను పెంచగలవు. కీళ్లవాతానికి, లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే రెటీనా (కంటి వెనక పొర) మీద ప్రభావం చూపగలదు, దానికి విడిగా పరీక్షలుంటాయి. మీరు చెప్పకపోతే డాక్టర్‌కు ఆ అనుమానమే రాదు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉందేమో అమ్మానాన్నలను అడిగి రండి. మన ఇళ్లలో ‘నాన్నకు కంటి చుక్కలు వేస్తారు’ అని తెలుస్తుంది కానీ ఎందుకు వేస్తారో ఎవరూ చెప్పరు. ఆ చుక్కల సీసా పేరు చదివితే విషయం తేలిపోతుంది.

ఏ రోజు వెళ్లాలి

దిగిన మర్నాడే వద్దు. పదహారు గంటలు విమానంలోని పొడి గాలిలో కూర్చున్నాక కన్నీటి పొర పలచబడి ఉంటుంది, నిద్ర కూడా లేదు. అప్పుడు అక్షరాలు రెప్ప వేసినప్పుడల్లా మారుతూ కనిపిస్తాయి. మూడో రోజో నాలుగో రోజో, ఉదయం పూట వెళ్లండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. రక్తంలో చక్కెర పెరిగితే కంటిలోని కటకం నీరు పట్టి పవర్ తాత్కాలికంగా మారుతుంది, ఎక్కువగా మైనస్ వైపు. రెండు వారాలు పెళ్లి భోజనాలు, డబుల్ కా మీఠాలు అయ్యాక పరీక్ష చేయించుకుంటే ఆ పవర్ అప్పటిదే. తిరిగి వెళ్లి షుగర్ అదుపులోకి వచ్చాక కొత్త అద్దాల్లోంచి మసకగా కనిపిస్తుంది, తప్పు షాపుదని అనుకుంటారు. కాబట్టి విందులకు ముందే పరీక్ష.

కాంటాక్ట్ లెన్సులు తీసేసి వెళ్లాలి. మెత్తటి లెన్సులైతే కనీసం 24 గంటలు, కుదిరితే రెండు రోజులు. గట్టి లెన్సులైతే ఇంకా చాలా ముందు నుంచి ఆపాలి, ఎన్ని రోజులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. లెన్సు కార్నియాను, అంటే కంటి ముందున్న పారదర్శక పొరను, కొద్దిగా నొక్కి ఆకారం మారుస్తుంది, అది తన ఆకారానికి వచ్చేదాకా కొలతలు నిజం చెప్పవు.

వానాకాలంలో వచ్చేవాళ్లు కళ్లకలక విషయం గుర్తుంచుకోండి. 2023 జూలై, ఆగస్టుల్లో నగరమంతా అంటుకున్నట్టే ఎప్పుడైనా రావొచ్చు. కళ్లు ఎర్రబడి పుసులు కడుతుంటే పవర్ పరీక్ష వాయిదా వేసుకుని, కలకకు మాత్రం డాక్టర్‌ను చూడండి. జనవరిలో వచ్చేవాళ్లకు అడ్డం సంక్రాంతి. ఆ వారం షాపు తెరిచి ఉన్నా లెన్సు కోసే ల్యాబులో మనుషులు ఊళ్లకు వెళ్లి ఉంటారు.

ఎక్కడికి వెళ్లాలి

బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుంచి ఉంది, రెటీనా, కార్నియా, పిల్లల కళ్లు దేనికదే విడి విభాగం. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఇవికాక ప్రైవేటు కంటి ఆసుపత్రులు ప్రతి పేటలోనూ వెలిశాయి. నలభై దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, మైనస్ 6 పైన ఉన్నవాళ్లు, ఇంట్లో నీటికాసుల చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. ముప్పై ఏళ్లలోపు ఆరోగ్యంగా ఉండి, కిందటేడాదే పూర్తి పరీక్ష అయినవాళ్లకు, కేవలం పవర్ సరిచూసుకోవడానికి, నమ్మకమైన అద్దాల షాపులోని ఆప్టోమెట్రిస్ట్, అంటే పవర్ పరీక్షించే నిపుణుడు, సరిపోతారు. షాపులో ‘ఉచిత కంటి పరీక్ష’ అంటే పవర్ చూడటమే. అక్కడ కంటి ప్రెషర్, నరం, రెటీనా ఎవరూ చూడరు.

పెద్ద ఆసుపత్రిలో మొదటిసారి అయితే సగం రోజు తీసిపెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి, బిల్లు ఇన్సూరెన్సుకు పెట్టాలంటే ఇదే అక్కరకొస్తుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఫీజు వేరుగా ఉందేమో కౌంటర్ దగ్గరే అడగండి. ఫోన్ నంబర్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఓటీపీ రావాలంటే ఇక్కడి నంబర్ కావాలి, అన్నయ్యదో వదినదో ఇవ్వండి, రిపోర్టులు కూడా దానికే వస్తాయి. విదేశీ కార్డు ఒక్కోసారి మెషీన్‌లో పడదు, చేతిలో నగదు ఉంచుకోండి.

లోపల ఏం జరుగుతుంది

మొదట మీ పాత అద్దాలను లెన్సోమీటర్ మీద పెట్టి పవర్ చదువుతారు. తర్వాత అందరూ ‘కంప్యూటర్ టెస్ట్’ అనే ఆటోరిఫ్రాక్టర్. గడ్డం ఆనించి లోపలికి చూస్తే దూరంగా రోడ్డు చివర ఇల్లో, గాలిబుడగో మసకగా కనిపించి, స్పష్టమై, మళ్లీ మసకవుతుంది. అది చిన్న కాగితం ముక్క మీద అంకెలు అచ్చు వేసి ఇస్తుంది. ఆ కాగితంతో అద్దాలు చేయించుకోవద్దు. బొమ్మ పెట్టెలోనే ఉందని కంటికి తెలుసు, అందుకని కుర్రవాళ్ల కళ్లు దగ్గర చూపుకు బిగుసుకుని లేని మైనస్‌ను చూపిస్తాయి. ఆ అంకెలు పరీక్షకు మొదటి మెట్టు, అంతే.

అసలు పరీక్ష ఆప్టోమెట్రిస్ట్ ముందు, బోర్డు చూస్తూ జరుగుతుంది. ఆయన లెన్సు తిప్పి ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అంటారు. రెండూ ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయనే చెప్పండి. మొహమాటానికి ఏదో ఒకటి చెబితే పవర్ పక్కదారి పడుతుంది. ఇంకొకటి గమనించండి: మైనస్ అవసరానికి మించి ఎక్కిస్తే అక్షరాలు నల్లగా, చిక్కగా, కానీ కాస్త చిన్నగా కనిపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. అలా అనిపించినప్పుడు ‘చిన్నవయ్యాయి’ అని చెప్పండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది. చివర్లో ఎరుపు, ఆకుపచ్చ పలకల మీద అక్షరాలు చూపించడం కూడా ఇది పట్టుకోవడానికే. పచ్చ వైపు స్పష్టంగా ఉంటే మైనస్ ఎక్కువైనట్టు.

దగ్గర చూపు పరీక్షకు చిన్న అక్షరాల కార్డు చేతికిస్తారు. దాన్ని ముఖానికి ముప్పై నలభై సెంటీమీటర్లలో పెట్టి చదివిస్తారు. మీ మానిటర్ మాత్రం ముక్కుకు అరవై, డెబ్బై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లు ఆ దూరాన్ని ఇంట్లో టేపుతో కొలిచి చెప్పండి. చత్వారం వచ్చినవాళ్ల అద్దాల ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఆ ఒక్క కొలత ఎవరూ అడగకపోవడం, ఎవరూ చెప్పకపోవడం.

ఆఖరున ట్రయల్ ఫ్రేమ్ పెడతారు, గుండ్రంగా, బరువుగా, ముక్కు మీద ఒత్తుకుపోయే ఇనప జోడు అది. దాన్ని వెంటనే తీసేయకండి. లేచి వరండాలో నడవండి, మెట్లు చూడండి, ఫోన్లో మెసేజ్ చదవండి. నేల వాలినట్టు కనిపిస్తే అక్కడే చెప్పాలి. సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే ఇచ్చేది) ఒక్కసారిగా మారితే కుర్చీలో కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు.

ఇదయ్యాకే చుక్కలు. కనుపాప పెద్దది కావడానికి 20 నుంచి 30 నిమిషాలు, మన నల్లటి కళ్లకు రెండు మూడు విడతలు వేయాల్సి రావొచ్చు. తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరవేవీ చదవలేరు, వెలుతురు చూడలేరు. మే నెల ఎండలో ఆసుపత్రి మెట్లు దిగితే ఇదేమిటో తెలుస్తుంది, చలువ అద్దాలు పెట్టుకెళ్లండి. బండి నడపొద్దు. క్యాబ్ బుక్ చేసుకుందామంటే ఫోన్ తెర కూడా కనిపించదు, తోడు మనిషి ఉండాలి. ఆ రోజే ఫ్రేమ్ ఎంచుకోవద్దు, అద్దంలో మీ ముఖం మీకే ఆనదు.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి మూడు: కంటి ప్రెషర్ ఎంత (మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది), నరం ఎలా ఉంది, రెటీనా అంచుల్లో పలచబడ్డ చోట్లున్నాయా. జవాబులు చీటీలో రాయించుకోండి. రెండేళ్ల తర్వాత వేరే దేశంలో వేరే డాక్టర్‌కు పోల్చి చూడ్డానికి పనికొచ్చేది ఇదే.

పిల్లలతో అయితే

పిల్లలకు చుక్కలు వేయకుండా పవర్ తేల్చడం కష్టం, వాళ్ల కంటి కండరం అంత బలంగా పట్టి ఉంచుతుంది. చుక్కల్లో రకాలున్నాయి. సైక్లోపెంటోలేట్ ప్రభావం ఒక రోజులో చాలావరకు తగ్గిపోతుంది. హోమాట్రోపిన్ ఒకటి నుంచి మూడు రోజులు. అట్రోపిన్ ఆయింట్‌మెంట్ అయితే మూడు రోజులు ఇంట్లో రాయించి తీసుకురమ్మంటారు, దాని ప్రభావం పది నుంచి పద్నాలుగు రోజులు ఉండొచ్చు. ఆ మసక పోయాక మళ్లీ పిలిచి, పవర్ ఖాయం చేస్తారు. మీరు అప్పటికి విమానంలో ఉంటారు. కాబట్టి మొదటి రోజే ‘మేం ఫలానా తేదీన వెళ్లిపోతాం’ అని చెప్పండి. మెల్లకన్ను ఉన్నా, బాగా చిన్నపిల్లలైనా అట్రోపినే కావాలని డాక్టర్ అంటే, వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టాలి. చుక్క వేశాక కంటి లోపలి మూలను, ముక్కు పక్కన, వేలితో నిమిషం పాటు నొక్కి పట్టుకుంటే మందు ఒంట్లోకి దిగడం తగ్గుతుంది. ముఖం బాగా ఎర్రబడినా, జ్వరం వచ్చినా మందు ఆపి ఫోన్ చేయండి.

చీటీలో ఏమేం ఉండాలి

స్ఫెరికల్ (అసలు పవర్), సిలిండర్, దాని కోణం చెప్పే యాక్సిస్, చత్వారం ఉంటే దగ్గర చూపుకు అదనంగా కలిపే ఆడ్, రెండు కళ్ల చూపు కలపడానికి ప్రిజమ్ ఉంటే అదీ. సున్నా ఉన్నచోట ఖాళీ వదలకుండా ‘ప్లానో’ అని రాయించండి. ఇక్కడ కుడి, ఎడమ కళ్లను ఆర్‌ఈ, ఎల్‌ఈ అంటారు, అమెరికాలో ఓడీ, ఓఎస్. చూపు కొలతలో ఇక్కడి 6/6 అక్కడి 20/20, ఇక్కడి 6/12 అక్కడి 20/40. ఒకటి మీటర్లలో, ఒకటి అడుగుల్లో.

అంకెలు రెండుచోట్లా వేర్వేరుగా కనిపించి కంగారుపెట్టే సందర్భం ఒకటుంది. అమెరికాలో కంటి డాక్టర్లు కొందరు సిలిండర్‌ను ప్లస్‌లో రాస్తారు, ఇక్కడ ఎక్కువగా మైనస్‌లో. మైనస్ 2.75, సిలిండర్ ప్లస్ 0.75, యాక్సిస్ 90 అన్నా, మైనస్ 2.00, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 180 అన్నా ఒకే అద్దం. మార్చే పద్ధతి: మొదటి రెండు అంకెలు కలపండి, సిలిండర్ గుర్తు తిప్పండి, యాక్సిస్ 90 లోపు ఉన్నా, సరిగ్గా 90 అయినా 90 కలపండి, అంతకు మించితే 90 తీసేయండి.

పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం, చాలా చీటీల్లో ఉండదు. అడిగి మిల్లీమీటర్లలో రాయించుకోండి, ప్రోగ్రెసివ్‌కైతే ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికి విడివిడిగా. తర్వాత ఆన్‌లైన్‌లో అద్దాలు తెప్పించుకోవాలన్నా ఈ అంకె లేకపోతే పని జరగదు. చీటీ మీద తేదీ, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, స్టాంపు ఉన్నాయో లేదో చూసుకోండి.

అద్దాలు చేయించడం

ఒకే పవర్ ఉన్న మామూలు అద్దాలు, పవర్ మరీ ఎక్కువ కాకపోతే, షాపులో స్టాకులోనే ఉంటాయి, గంటలోనో సాయంత్రానికో ఇస్తారు. ఎక్కువ మైనస్, ఎక్కువ సిలిండర్, పెద్ద ఇండెక్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు పలచనవుతుంది), ప్రోగ్రెసివ్, ఇవన్నీ ఆర్డర్ పెట్టి తెప్పించాల్సినవి. ‘ఎన్ని రోజులు’ అని అడక్కండి, ‘ఏ తేదీన’ అని అడిగి బిల్లు మీద రాయించండి.

మైనస్ 3 దాకా ఇండెక్స్ 1.5 లేదా 1.56 చాలు. అంతకు మించితే 1.60, మైనస్ 6 దాటితే 1.67. 1.74 బాగా పలచన, కానీ ఆ ఖర్చుకు ముందు చిన్న ఫ్రేమ్ ఎంచుకోండి, అంచు మందం సగం దాంతోనే తగ్గుతుంది. పిల్లలకు పాలీకార్బొనేట్, వేరే మాట లేదు. నీలి కాంతిని ఆపుతుందనే బ్లూకట్ కోటింగ్ కంటి అలసట తగ్గిస్తుందని గట్టి ఆధారం లేదు, ఆ డబ్బు మంచి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్‌కు పెట్టండి. ఎండకు నల్లబడే అద్దాలు కారులో సరిగా నల్లబడవు, ముందు అద్దమే అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది.

ప్రోగ్రెసివ్‌కు ఫ్రేమ్‌లో లెన్సు నిలువు ఎత్తు 30 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే సుఖం. కొలత తీసేటప్పుడు ఫ్రేమ్‌ను ముందు మీ ముఖానికి సరిచేయించి, నిటారుగా నిలబడండి. అబ్బాయి మీ కళ్ల ఎత్తుకే వచ్చి, డమ్మీ అద్దం మీద స్కెచ్ పెన్‌తో కనుపాప దగ్గర చుక్క పెట్టాలి. మీరు కూర్చుని తల వంచి ఉండగా పైనుంచి గుర్తు పెడితే ఆ జోడు పాడైనట్టే. మెట్లు దిగేటప్పుడు అడుగు తడబడటం, చదవడానికి గడ్డం పైకెత్తాల్సి రావడం, రెండూ ఆ చుక్క తేడాలే.

జోడు వచ్చాక మీ ఎదుటే లెన్సోమీటర్ మీద పెట్టించి, చీటీతో పోల్చండి. మామూలు పవర్లలో 0.13 లోపు తేడా చెల్లుతుంది, పావు తేడా చెల్లదు. ప్రోగ్రెసివ్ అయితే లెన్సు మీద నోటితో ఊది వెలుగుకు పక్కవాటుగా పట్టండి. 34 మిల్లీమీటర్ల ఎడంలో చెక్కిన రెండు చిన్న గుర్తులు కనిపిస్తాయి, చెవి వైపు గుర్తు కింద ఆడ్ అంకె ఉంటుంది. మీరు డబ్బు కట్టిన లెన్సే వచ్చిందా అన్నది అక్కడ తేలుతుంది.

కాంటాక్ట్ లెన్సులు

అద్దాల పవర్‌తో కాంటాక్ట్ లెన్సులు కొనకూడదు. మైనస్ 4 దాటాక రెండూ ఒకటి కావు: అద్దం మైనస్ 6.00 అయితే లెన్సు మైనస్ 5.50 దగ్గర వస్తుంది. ఫిటింగ్ విడిగా చేయించాలి. అమెరికాలో లెన్సులు అమ్మేవాళ్లు రాసిన డాక్టర్‌తో సరిచూసుకుంటారు, ఇక్కడి చీటీతో అక్కడ కొనడం కుదరదనే అనుకోండి. వాడే బ్రాండ్ ఇక్కడ దొరికితే కొన్ని నెలలకు సరిపడా డబ్బాలు కొనుక్కెళ్లండి, గడువు తేదీ చూసి.

బిల్లు

పరీక్ష ఫీజు, ఫ్రేమ్, లెన్సు, ఈ మూడూ విడివిడి వరుసల్లో రాయించండి. ‘కళ్లద్దాలు’ అని ఒకే మొత్తం వేస్తే ఇన్సూరెన్సు వాళ్లు తిప్పి పంపుతారు. అమెరికాలో వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాల కింద విదేశంలో చేయించుకున్న కంటి పరీక్ష, పవర్ అద్దాలు చెల్లుతాయి. విజన్ ఇన్సూరెన్సు మాత్రం ప్లాన్‌ను బట్టి. పవర్ అద్దాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకు మించి వేస్తే అడగండి.

సెలవుల్లో పెట్టుకోకూడనివి

శుక్లం ఆపరేషన్ మూడు వారాల సెలవులో ఇరికించొద్దు. చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు వేయాలి, అద్దాల పవర్ కుదుటపడటానికీ దాదాపు అంతే. అద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్ లేసిక్‌కు ముందు మెత్తటి లెన్సులు వారం పైన, గట్టివైతే మూడు వారాల పైన ఆపాలి, తర్వాత వారానికి, నెలకు చూపించుకోవాలి. ఇక కంటి ముందు ఒక్కసారిగా నల్ల చుక్కలు రాలినా, మెరుపులు కనిపించినా, ఒక పక్క తెర దించినట్టున్నా క్యాలెండర్ మర్చిపోయి ఆ రోజే రెటీనా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటి ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

కొత్త జోడు అలవాటు కావడానికి వారం రెండు వారాలు పడుతుంది, పాతది హ్యాండ్ బ్యాగేజీలో ఉంచుకోండి. అప్పటికీ తల తిరుగుతుంటే అక్కడ ఏదైనా అద్దాల షాపులో లెన్సోమీటర్ చదివించి, ఆ అంకెలు ఫొటో తీసి ఇక్కడి షాపుకు పంపండి. ఒట్టి ‘కుదరడం లేదు’ అంటే వాళ్లు అలవాటవుతుందంటారు, అంకెలు పంపితే లెన్సు మారుస్తారు. ఆ మార్పిడి కోసం ఒరిజినల్ బిల్లు, చీటీ నకలు ఇక్కడ మీ వాళ్ల దగ్గర ఒకరి చేతిలో పెట్టి వెళ్లండి, కొలతల కార్డు కూడా షాపు నుంచి అడిగి తీసుకుని.